కందెనకు నేర్పిన మాటలు

ముందే చెప్పుకుంటాను, ఇందులో అక్షరదోషాలు ఉంటాయి. శ, ష, స ఈ మూడింటి దగ్గర నాకు ఇప్పటికీ తడబాటే. ఒత్తులు మరిచిపోతాను. అరవై దాటినాక సాయంత్రం బడిలో పలక పట్టినదాన్ని. కాగితం ఒక వైపు నిండేసరికి నాకు ఒక పూట పడుతుంది. చదివేవాళ్లు విసుక్కోకండి. నిదానంగా రాసినా జరిగింది జరిగినట్టే రాస్తాను.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న ఆఖరి ఎండాకాలం అది. మేము ఆళ్లగడ్డలో ఉండేవాళ్లం. మేమంటే నేను, మా మరిది గురుస్వామి, అతని భార్య కమలాక్షమ్మ, వాళ్ల చంటిపాప. మా ఆయన ఆదినారాయణ అంతకుముందే జ్వరంతో పోయాడు. నాకు పిల్లలు లేరు. అమ్మానాన్నలూ లేరు. ఉన్న కొద్దిపాటి నల్లరేగడి పొలం కోరుకు, అంటే పంటలో వాటాకు ఇచ్చి, వచ్చే జొన్నలతో అందరం ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్లం.

గురుస్వామి బేతంచెర్ల వైపు నాపరాయి గనుల్లో పని చేసేవాడు. ఒకనాడు తూటా పేలి రెండు కళ్లూ పోయాయి. ఇంటికి తెచ్చి దించినాక చాలాకాలం మంచం దిగలేదు. దిగినాక బజారుకు పోవాలంటే నేను తోడు పోవాలి. కట్టెకు ఒక కొన నేను పట్టుకుని ముందు నడిచేదాన్ని, రెండో కొన పట్టుకుని అతను వెనకాల వచ్చేవాడు. కమలాక్షమ్మ చంటిబిడ్డ తల్లి. పైగా బజారంటే సిగ్గు.

నీళ్ల బావి దగ్గర పక్కింటి భారతమ్మ ఒకరోజు నలుగురిలో అంది.

"ఏం జీవమ్మా, మరిదిని కట్టెకు కట్టుకోని ఊరంతా తిప్పుతాండావు?"

"తిప్పేదానికి నీ మొగుణ్ణి కూడా పంపియ్ భారతమ్మా. ఆయప్పకు కండ్లుండీ దారి తెల్దు గదా" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వారు గానీ ఆ మాట అక్కడ ఆగలేదు. ఇంటికి వచ్చేసరికి కమలాక్షమ్మ ముఖం మాడి ఉంది. నా కంటే ముందే ఎవరో మోసుకొచ్చారు.

ఉపాయం చెప్పింది దాదాపీర్. మా వీధి చివర జట్కా గుర్రాలకు పట్టెళ్లు, వార్లు కుట్టేవాడు. యుద్ధానికి పోయి వచ్చినవాడు.

"అక్కా, మిలిటరీ ఆస్పత్రిలో నేను చూసినా. కండ్లు పోయిన దొర ఒగడుండె. కుక్కను పట్టుకోని బజార్లో తిరుగుతాండె. కట్టె లేదు, మనిషి లేదు."

గురుస్వామి నవ్వాడు. "కుక్కెనకాల పొమ్మంటావా నన్ను, దాదాపీరూ?"

"ఇప్పుడు వదినెనకాల పోతాండావు గదప్పా. దానికింకా రెండు కాళ్లు ఎక్కువ."

కమలాక్షమ్మ చేటలో జొన్నలు చెరుగుతోంది. తల ఎత్తకుండానే అంది. "కుక్కయితే జనం ఏమీ అనరు."

ఆమె ఆ మాట అనకపోయుంటే నేను ఒప్పుకునేదాన్ని కాదేమో. దాదాపీర్ ఇంట్లో ఈనిన కుక్క పిల్లల్లో ఒకదాన్ని తెచ్చుకున్నాను. ఆడది. బండి ఇరుసుకు పూసే కందెన మాదిరిగా నల్లగా, జిడ్డుగా మెరుస్తా ఉండేది. అదే పేరయింది.

దసరాకు వచ్చిన పిల్ల శివరాత్రికి నా మోకాలి ఎత్తుకు వచ్చింది. అప్పటిదాకా ఇంట్లోనే ఆగడం, కూర్చోవడం నేర్పాను. అప్పుడు దాదాపీర్ పాత గుర్రపు వార్లు కత్తిరించి దాని ఒంటికి సరిపడా పట్టెడ కుట్టాడు. వీపు మీద చేతికి అందేలా ఒక వెదురు పిడి కట్టాడు. ఇంక వీధిలోకి దిగాలి.

ఏ మాటలు చెప్పి నేర్పాలో నాకు తెలియలేదు. దాదాపీర్‌కు దొర ఏమన్నాడో గుర్తు లేదు, గుర్తున్నా నాకు పలకదు. నాకు తెలిసిన మాటలు మా ఆయన ఎద్దులకు చెప్పినవే. కుడికి తిరగాలంటే ఎలపట. ఎడమకు తిరగాలంటే దాపట. నడవాలంటే పా. ఆగాలంటే నిలు. పొలంలో ఆయన వెనకాల విత్తనాలు వేస్తూ నేను ఆ మాటలు విన్నాను. ఆయన పోయినాక ఎద్దులు అమ్మేశాం. ఆ మాటలు పలికేవాళ్లు ఇంట్లో లేకుండా పోయారు. కందెనతో పలుకుతుంటే నా గొంతు నాకే కొత్తగా ఉండేది. వీటికి తోడు నేను కలిపిన మాట ఒకటే, ఇల్లు. ఎంత దూరంలో ఉన్నా ఆ మాట అంటే అది వెనక్కి తిరిగి మా గుమ్మానికి చేర్చాలి. చేరవలసిన చోటు చేరగానే కూర్చోవాలి.

కళ్లున్న మనిషి పిడి పట్టుకుంటే కుక్క ఏమీ నేర్చుకోదని మొదటి రోజే తెలిసింది. గుంత కనబడగానే నా కాలే తప్పుకుంటుంది, ఇంక దానికేం పని? అందుకని మా ఆయన తలగుడ్డ తీసి కళ్లకు గట్టిగా కట్టుకున్నాను. వీధిలో జనానికి అది ఒక వేడుక.

"ఈయింట్లో ఒగ గుడ్డోడు చాలడంట, ఇంగొగరు తయారైతాండారు."

"జీవమ్మా, ముందర గంగమ్మ గుడుండాది, మొక్కుకో."

నేను మొక్కేదాన్ని. తీరా అక్కడ ఉన్నది గాడిద అని వాళ్లు నవ్వితే తెలిసేది.

అన్నిటికంటే కష్టమైంది చూరుల సంగతి. మా వీధిలో కొట్టాలన్నీ కిందికి వాలిన చూరులవి. కందెన కింద నుంచి సులువుగా దూరిపోయేది, గురుస్వామి నుదురు వాసానికి తగిలేది. దానికి దారి ఉంటే చాలదు, పక్కన వచ్చే మనిషి ఎత్తుకూ దారి ఉందో లేదో చూసుకోవాలి. అందుకని చూరు వచ్చినప్పుడల్లా ఆగి, చేత్తో దాన్ని టపటపా కొట్టి, దాని ముఖం పైకెత్తి చూపించి, చుట్టు తిరిగి పోయేవాళ్లం. కొన్నాళ్లకు అదే ఆగి పైకి చూడడం మొదలుపెట్టింది. ఆ రోజు దానికి నా వంతు రొట్టె మొత్తం పెట్టాను.

గురుస్వామికి నేర్పడం దానికంటే కష్టం. అతను చిన్నప్పటినుంచీ రాళ్లు కొట్టినవాడు, నాగలి పట్టలేదు. ఎలపట ఏదో దాపట ఏదో కలగాపులగం చేసేవాడు. ఒకరోజు వక్కిలేరు వాగు కాడికి పోయేదారిలో దాపట అనబోయి ఎలపట అన్నాడు. కందెన చెప్పినట్టే చేసింది. ఇద్దరూ బర్రెలు పొర్లే బురదలో దిగారు.

"ఏంది వదినా ఇది, కుక్క నన్ను యాడికి తెచ్చినాది?"

"నువ్వు రమ్మన్న చోటికే తెచ్చినాదప్పా. అది మాట తప్పల్యా."

మోకాళ్ల దాకా బురదలో నిలబడి అతను నవ్వాడు. కళ్లు పోయినాక అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు. గట్టు మీద కూర్చుని నేనూ నవ్వాను. కందెన మాత్రం నవ్వే విషయం కాదన్నట్టు బురద దులుపుకుని మళ్లీ అతని ఎడమ పక్కకు వచ్చి నిలబడింది.

దాదాపీర్ ఇంకొక మాట చెప్పాడు. "ముందర గుంత ఉంటే నువ్వు పా అన్నా అది పోగూడదక్కా. దొర కుక్క అట్లనే చేస్తాండె. కాళ్లకు అడ్డం నిలబడతాండె."

"మాట వినేది నేర్పొచ్చు. విననిది ఎట్ల నేర్పేదప్పా?"

"అది నాకూ తెల్దు. నేను చూసినా, నేర్పల్యా."

చాలా రోజులు ఆలోచించాను. చివరికి కళ్లకు గుడ్డ కట్టుకుని, మురికికాలువ అంచుకు వచ్చాక పా అన్నాను. కందెన దుమికింది. నేను పడ్డాను. మోచేయి గీరుకుపోయింది, కావాలనే కొంచెం పెద్దగా అరిచాను. అది వణికిపోయి నా ముఖం నాకింది. రెండోసారి పా అంటే కదలలేదు. మూడోసారి గట్టిగా, కోపంగా పా అన్నాను. అది వచ్చి నా మోకాళ్లకు అడ్డంగా నిలబడి తన బరువంతా నా మీద వేసింది. వినకూడని మాట ఒకటి ఉంటుందని అది అలా తెలుసుకుంది.

ఇంక మిగిలింది జనం. పనిలో ఉన్న కుక్కను దారిన పోయేవాళ్లు పిలుస్తారు. నాలుక చప్పరిస్తారు, ఎముక విసురుతారు. సంతలో ఒక మాంసం కొట్టు ముందు కావాలని అటూ ఇటూ తిరిగాను. భారతమ్మకు చెప్పి వెనకాల నుంచి పేరు పెట్టి పిలిపించాను. తిరిగి చూస్తే పట్టెడ లాగేదాన్ని. చూడకపోతే మెడ నిమిరేదాన్ని. ఒంటి మీద పట్టెడ ఉండి, పిడి మీద చెయ్యి ఉంటే ఎవరు పిలిచినా తిరిగి చూడకూడదు. చివరికి నేను కూడా వెనకాల నిలబడి పిలిచాను, గురుస్వామి పిడి పట్టుకుని ఉండగా. రెండు మూడు రోజులు తిరిగి చూసింది. నాలుగో రోజు చూడలేదు. చెవి ఒకటి మాత్రం వెనక్కి వాల్చింది. చెవి సంగతి నేను పట్టించుకోలేదు.

ఉగాది దాటినాక నంద్యాలకు తీసుకుపోయాం. రైలు చప్పుడుకు బెదరకపోతే ఇంక దేనికీ బెదరదని దాదాపీర్ మాట. బస్సు కండక్టరు ఎక్కనివ్వలేదు.

"కుక్కను పైన టాపు మీద కట్టెయ్."

"అట్లయితే నా కండ్లు టాపు మీద పోతాయి, నేను కింద కూసోవల్ల. బాగుంటాదాప్పా?" అన్నాడు గురుస్వామి.

బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వి, "దాని తోక ఎవురూ తొక్కకుండా చూస్కో. కరిస్తే నాకు పోతాది ఉద్యోగం" అన్నాడు. కందెన దారి పొడుగునా మా కాళ్ల మధ్య ముడుచుకుని పడుకుంది.

నంద్యాల స్టేషనులో ఇంజను ఆవిరి వదిలినప్పుడు దాని ఒళ్లంతా వణికింది, కానీ కాలు కదపలేదు. బండి పోయినాక ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. గురుస్వామి పిడి పట్టుకుని, "వదినా, నువ్వు ఈడనే నిలబడు" అన్నాడు.

నిలబడ్డాను. ఇద్దరూ ఆ కొసకు నడుచుకుంటూ పోయారు. ఒక బియ్యం బస్తాల కుప్ప అడ్డం వస్తే కందెన ఆగి, చుట్టు తిప్పింది. ఒక కూలీ పిలిచాడు, చూడలేదు. ఆ కొస నుంచి తిరిగి వచ్చేసరికి గురుస్వామి ముఖం వేరుగా ఉంది.

"నా ముందర ఎవురూ లేరు వదినా" అన్నాడు.

అంత మంచి మాట అతను నాతో ఎప్పుడూ అనలేదనుకున్నాను ఆ రోజు.

తిరుగు బస్సులో ఊరికే నవ్వులాటకు అన్నాను. "ఇది నా పని నేర్చేసినాది. ఇంగ నేనేం చేయల్లప్పా? నన్ను యాడికైనా తోలేస్తారేమో."

"అట్లంటావేంది వదినా. అన్న మంచం ఆ ఇంట్లోనే ఉంటాది. నువ్వూ ఆ మంచం మీదనే ఉంటావు. ఇదో, దీని మీద ఒట్టు" అని కందెన తల మీద చెయ్యి పెట్టాడు. నేను ఆ ఒట్టు అడగలేదు. అడక్కుండా ఇచ్చాడు కాబట్టి ఎక్కువ నమ్మాను.

ఆ తర్వాత అతను ఒంటరిగా బయటికి పోవడం మొదలుపెట్టాడు. పొద్దున్నే సంగటి తిని, పిడి పట్టుకుని, "దాదాపీర్ అంగడి కాడికి పోతాండా" అని బయలుదేరేవాడు. మధ్యాహ్నానికి వచ్చేవాడు. ఊళ్లో మాటలు ఆగిపోయాయి. కమలాక్షమ్మ నాతో నవ్వుతూ మాట్లాడింది. నా తల దువ్వి నూనె రాసింది ఒకరోజు. పాపను నా ఒడిలో పడుకోబెట్టి పొరుగింటికి పోయేది. మా ఆయన పోయినాక ఆ ఇంట్లో నేను అంత నిశ్చింతగా ఎప్పుడూ లేను.

రెండు సంగతులు నా కంట పడ్డాయి. గురుస్వామి ఇంటికి వచ్చేసరికి వేళ్ల కొసలు బూడిదరంగుగా ఉండేవి. గోడలు తడుముకున్నాడేమో అనుకున్నాను. కందెన మధ్యాహ్నం రొట్టె ముట్టేది కాదు. ఎండకు కడుపు చెడిందేమో అనుకుని మజ్జిగ పోశాను.

ఏరువాక దగ్గర పడుతుండగా గురుస్వామికి జ్వరం వచ్చి మంచం ఎక్కాడు. కందెన గడప దగ్గర నిలబడి మూలుగుతా ఉంది. రోజూ పోయే వేళకు పట్టెడ దగ్గరికి పోయి ముట్టె ఆనించి వస్తా ఉంది. దాని బాధ చూడలేక నేనే బయలుదేరాను. అటక మీద నుంచి తలగుడ్డ తీశాను. చాలా రోజులైంది కదా, ఎంత నేర్చిందో చూద్దామని ముచ్చటపడ్డాను. కళ్లకు కట్టుకుని పిడి పట్టుకున్నాను.

"పా" అన్నాను.

అది పోతుంటే నాకు గర్వంగా ఉంది. చూరు దగ్గర ఆగింది. కాలువ దగ్గర ఆగింది. బండి వస్తే గోడ పక్కకు జరిపింది. దాదాపీర్ అంగడి దగ్గరికి వచ్చాం, తోలు వాసన తగిలింది, సుత్తి చప్పుడు వినిపించింది. ఇక్కడ కూర్చుంటుంది అనుకున్నాను. కూర్చోలేదు. సాగిపోయింది.

సుత్తి చప్పుడు ఆగింది. "అక్కా, యాడికి? ఆగక్కా" అన్నాడు దాదాపీర్. ఆ గొంతు నాకు నచ్చలేదు. అది తమాషాకు పిలిచే గొంతు కాదు. "కందెనా, నిలు" అని కూడా అరిచాడు.

కందెన తిరిగి చూడలేదు. నేనూ ఆగలేదు.

నేను చెప్పకుండానే అది ఎలపటకు తిరిగింది. నేను ఎప్పుడూ దానికి చూపించని వీధి. కాళ్ల కింద దుమ్ము పోయి చల్లటి బండలు తగిలాయి. ఎక్కడో రాతిని రాతితో తట్టే చప్పుడు. కందెన ఒక గుమ్మం ముందు ఆగి, కూర్చుంది. చేరవలసిన చోటు చేరాం అని.

"వస్తివా గురుస్వా..." అని ఒక ఆడగొంతు లోపలి నుంచి వచ్చి ఆగిపోయింది. "అయ్యో, ఎవురమ్మా నువ్వు? కండ్లకు ఆ గుడ్డేంది?"

విప్పాను. బండల డిపో శేషయ్య ఇల్లు అది. నిలబెట్టిన నాపబండలు వరసలుగా ఉన్నాయి. గుమ్మంలో అతని భార్య ఉమామహేశ్వరమ్మ. ఆమె చేతిలో సత్తు గిన్నె, అందులో పాలల్లో నానబెట్టిన రొట్టె. కందెన లేచి తోక ఊపింది. ఆమె గిన్నె కింద పెట్టింది.

"నువ్వు జీవమ్మవే గదా. మంచిపని చేస్తివి, నువ్వే వస్తివి. ఆ మనిషిని ఒగసారి పిల్చకరా, చూస్తామని నేను అంటానే ఉండా గురుస్వామితో. మా అత్తకు నడుము పడిపోయినాది, నంద్యాలలో పెద్దింట్లో పండుకోని ఉండాది. ఎత్తి కూసోబెట్టల్ల, నీళ్లు పోయల్ల, గుడ్డలు మార్చల్ల. ఎవురూ నిలవడం లేదు. నీకు ఓపిక శానా అంట గదా, గుడ్డోన్ని ఇన్నాళ్లు తిప్పినదానివి. ఏరువాక కాంగానే పంపిస్తా అన్నాడు. ఆ దినం నుంచే ఆయప్పకు ఈడ డిపోలో పని. ఇప్పుడు దినామ్మూ వచ్చి ఊరికే బండలు తట్టి చూపిస్తాండాడు. పగులుంటే చెప్తాడు, కండ్లున్నోళ్ల కంటే బాగా చెప్తాడు."

నేను కందెన వైపు చూస్తున్నాను. అది గిన్నె అడుగు దాకా నాకుతోంది.

"ఈ గిన్నె దీనిదేనామ్మా?" అని అడిగాను.

"దానికనే పెట్టినాం. దినామ్మూ వస్తాది గదా."

గిన్నె అంచు దాని పళ్లకు తగిలి అక్కడక్కడా సొట్టలు పడి ఉంది. కొత్త గిన్నెకు అన్ని సొట్టలు పడవు.

"పొయ్యొస్తానమ్మా" అని కందెనతో ఇల్లు అన్నాను. గుడ్డ కట్టుకోలేదు. అయినా అదే నన్ను ఇంటికి తెచ్చింది. దారి నాకు కనబడలేదు.

దాదాపీర్ అంగడి బయట నిలబడి ఉన్నాడు. చేతిలో సూది, దారం అలాగే ఉన్నాయి.

"చెప్పొద్దన్నాడక్కా. వానికి ఒగ పని దొరుకుతాంది, బతుకు దొరుకుతాంది అని నేనూ..."

"నాకు?" అన్నాను.

అతను సూది కేసి చూశాడు. ఆ వీధిలో రోజూ పొద్దున గురుస్వామి తన ముందు నుంచి పోతుంటే చూసినవాడు. అదే రోజుల్లో మా ఇంటికి వచ్చి, పట్టెడ వార్లు వదులయ్యాయేమో చూసి, నా చేతి మజ్జిగ తాగి పోయినవాడు.

ఇంట్లో కమలాక్షమ్మ రొట్టెలు తడుతోంది. గురుస్వామి మంచం మీద లేచి కూర్చున్నాడు. కందెన గోళ్ల చప్పుడు విని అడిగాడు.

"యాడికి పోయినారు వదినా?"

"అది యాడికి తోల్కపోతే ఆడికి."

రొట్టె తట్టే చప్పుడు ఆగింది. పెనం మీద ఉన్న రొట్టె మాడే వాసన వచ్చింది. కమలాక్షమ్మకు ముందే తెలుసని ఆ వాసన నాకు చెప్పింది. నూనె రాసి తల దువ్వింది ఎందుకో కూడా చెప్పింది.

"చెప్దామనే అనుకుంటి" అన్నాడు గురుస్వామి.

"ఎప్పుడు?"

"నేను చిన్నప్పటినుంచి రాళ్లతో బతికినోన్ని వదినా. మంచంలో కూసోని మీరు పెట్టింది తింటా ఉంటే నాకెట్లుంటాదో నీకు తెల్దు. శేషయ్య పనిస్తా అన్నాడు. వాళ్లమ్మకు మనిషి కావల్ల అన్నాడు. ఒగటి లేకుంటే ఇంగొగటి లేదన్నాడు. నేనేం చేసేది?"

"నన్ను అడిగేది."

"అడిగితే పోనంటావని."

నేను కింద కూర్చుని కందెన పట్టెడ విప్పాను. వార్లు ఊడదీస్తూ అన్నాను. "కుక్కనైనా పా అని చెప్పి తోల్కపోతామప్పా. నాకు ఆ మాటన్నా చెప్పకపోతివి."

అతను తల దించుకున్నాడు. చూపు లేని మనిషి తల దించుకుంటే చూడడానికి చాలా కష్టంగా ఉంటుంది. అయినా చూశాను. మెల్లగా అన్నాడు. "అన్న మంచం నువ్వే తీసకపో వదినా. బస్సు టాపు మీద ఏపిస్తా."

అతను నాకు ఇచ్చిన మాటలో మంచం ఒక్కటే అతనికి గుర్తుంది.

పోను అనే మాట నా నోటికి రాలేదు. కందెన అయితే కాళ్లకు అడ్డం నిలబడేది. పోకపోతే ఆ ఇంట్లో అదే పొయ్యి దగ్గర, అదే ఇద్దరి మధ్య, ఏ పనీ లేకుండా తిని కూర్చోవాలి. ఏ పూట రొట్టె ఎలా తడతారో వింటూ కూర్చోవాలి.

ఏరువాక పున్నమి అయింది. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి ఊరేగించారు. మాకు ఎద్దులు లేవు. అరుగు మీద కూర్చుని పక్క పొలాలకు పోయే కాడెద్దులను చూశాను. ఎవరో ఎలపట, దాపట అని అదిలిస్తుంటే మా ఇంటి లోపలి నుంచి కందెన లేచి వచ్చి అటూ ఇటూ చూసింది.

మరునాడు బస్టాండుకు అందరూ వచ్చారు. కమలాక్షమ్మ పాపను ఎత్తుకుని వచ్చింది. గురుస్వామి కందెన పిడి పట్టుకుని వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నన్ను ఎక్కించి అటునుంచి అటే డిపోకు పోతాడని తెలిసింది. మంచం వద్దన్నాను. నా మూటలో నా బట్టలు, మా ఆయన తలగుడ్డ ఉన్నాయి.

ముందు నంద్యాలకు పోయినప్పుడు ఉన్న కండక్టరే. "ఏమ్మా, ఈసారి కుక్క రాదా?" అన్నాడు.

"దానికి ఈడ పనుండాది" అన్నాను.

ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. గురుస్వామి కిటికీ వైపు కాకుండా కొంచెం పక్కకు ముఖం పెట్టి, "పొయ్యిరా వదినా, పండగకు పిలుస్తా" అన్నాడు. నేను మూట ఒళ్లోకి లాక్కున్నాను. అతను కందెనతో "పా" అన్నాడు.

కందెన కదలలేదు. బస్సు మెట్టు ముందు కూర్చుంది. చేరవలసిన చోటు చేరినట్టు.

"పా" అన్నాడు మళ్లీ. "దాపట. దాపట." అది కూర్చునే ఉంది. జనం చూస్తున్నారు. డ్రైవరు హారన్ కొట్టాడు. కమలాక్షమ్మ పట్టెడ పట్టి లాగితే నాలుగు కాళ్లూ నేలకు బిగించింది. గురుస్వామి మెడ మీద చెమట పట్టింది. కొత్త పనికి పోయే మొదటి రోజు. అతను ముఖం ఎత్తి నేను ఎక్కడున్నానో వెతుక్కుంటూ, ఎవరికీ వినబడనంత మెల్లగా అన్నాడు.

"వదినా, నువ్వు చెప్పు."

కట్టె కొన పట్టుకున్న రోజుల్లో గుంత వస్తే ఇలాగే అడిగేవాడు. ఆ గొంతు మారలేదు. చెప్పకుండా ఊరుకుని ఉండొచ్చు. బస్సు కదిలేది, అతను నడి బస్టాండులో కదలని కుక్కతో నిలబడిపోయేవాడు. నేను కందెన కళ్లలోకి చూశాను. అది నా మాట కోసమే చూస్తోంది.

"ఇల్లు" అన్నాను.

వెంటనే లేచింది. అతని ఎడమ పక్కకు తిరిగి, పిడి అతని చేతికి అందేలా సర్దుకుని, జనంలోంచి దారి చూసుకుంటూ బయలుదేరింది. చెరుకు బండి అడ్డం వస్తే ఆగింది. తట్ట ఎత్తుకున్న ఆమె పక్క నుంచి చుట్టు తిప్పింది. బస్సు కదిలింది. అప్పుడు నేను కిటికీలోంచి తల బయటికి పెట్టి ఒక్కసారి, గట్టిగా, "కందెనా" అని పిలిచాను.

తిరిగి చూడలేదు.

ఒంటి మీద పట్టెడ ఉండి, పిడి మీద చెయ్యి ఉంటే ఎవరు పిలిచినా చూడకూడదని నేర్పింది నేనే. చెవి వాల్చిందేమో. అప్పటికే దుమ్ము లేచింది, నాకు కనబడలేదు.

జీవమ్మ, డెబ్బై మూడేళ్లు. ఇప్పుడు నంద్యాలలో, బియ్యం మిల్లు వెనక వీధిలో, ఒక్క గది ఇంట్లో ఉంటాను.